కోపీపాడ్ కల్చర్ అని చెప్పి రోటిఫర్లు పంపాడు, జాగ్రత్త

ఇప్పుడే బకెట్లు కడిగి వచ్చి రాస్తున్నాను. చేతులకి ఇంకా బ్లీచింగ్ వాసన పోలేదు.

ఇంట్లో సముద్రపు చేపల ట్యాంకులు పెట్టినవాళ్లలో చాలామందికి చేపపిల్లల మేత అమ్మే ఆ చెన్నై ఆయన తెలుసు. పేరు రాయను. పోయిన నెల ఆయన దగ్గర రెండు లీటర్ల పార్వోకలానస్ కల్చర్ తెప్పించాను. పార్వోకలానస్ అంటే ఒక రకం కోపీపాడ్, రొయ్యల కోవకు చెందిన చుక్కంత జీవి; కల్చర్ అంటే పెంచుకోడానికి అవి బతికున్న నీళ్లు. 2,800 రూపాయలు ముందే పంపేశాను. బస్సు పార్సిల్‌లో తెల్లారేసరికి తిరుపతి వచ్చేసింది.

నా దగ్గర మాండరిన్ చేపల జంట ఉంది. ఏడాదిన్నర మేపాక ఇప్పుడు సాయంత్రం లైట్లు తగ్గగానే రెండూ పక్కపక్కన ఆనుకుని పైకి లేచి గుడ్లు వదులుతున్నాయి. ఆ పిల్లల నోరు ఎంత చిన్నదో ప్రయత్నించినవాళ్లకు తెలుసు. ఆర్టీమియా (చేపపిల్లలకి మామూలుగా వేసే ఉప్పునీటి రొయ్య పిల్ల) పట్టే ప్రశ్నే లేదు, పెద్ద రకం రోటిఫర్ (కోపీపాడ్ కాని ఇంకో సూక్ష్మజీవి) కూడా పట్టదు. అప్పుడే పుట్టిన పార్వోకలానస్ నాప్లీ (పిల్ల) అయితే 50 మైక్రాన్ల దగ్గర, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉంటుంది, చేపపిల్లలకి కావాల్సిన డీహెచ్ఏ అనే కొవ్వు కూడా దండిగా ఉంటుంది. అందుకే అంత డబ్బు పెట్టాను.

బకెట్లలో పోసి, మూడు నెలలుగా కాపాడుకుంటున్న ఐసోక్రైసిస్ (వాటికి మేతగా వేసే సూక్ష్మమైన నాచు) రోజూ వేశాను. పది రోజులకి నీళ్లనిండా చుక్కలు కదిలాయి. ఎంత సంబరపడ్డానో! సాయంత్రం వేసిన తేనె రంగు నీళ్లు తెల్లారేసరికి తేటగా అయిపోతుంటే, మేత ఇంత త్వరగా ఖాళీ అవుతోందేమని అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు.

గుడ్లు ఏరి పెట్టాను, దాదాపు రెండు వందలు. మర్నాటికి పిల్లలయ్యాయి. మూడో రోజు మేత వదిలాను. నాలుగో రోజు టార్చి వేసి చూస్తే అన్నిటి కడుపులూ ఖాళీ. ఐదో రోజు పొద్దున ఒక్కటి కూడా లేదు.

మా అక్క కూతురు ఎస్వీ యూనివర్సిటీలో జువాలజీ చదువుతోంది. ఆ బకెట్ల నీళ్లు సీసాలో పోసి ఇచ్చాను. సాయంత్రం ఫోన్ చేసి "మామా, ఇందులో కోపీపాడ్ ఒక్కటీ లేదు, అన్నీ రోటిఫర్లే" అంది. వీడియో పంపింది. తల దగ్గర చక్రం తిరుగుతున్నట్టు వెంట్రుకలు, వెనక తోక, మోసుకుతిరిగే గుడ్డు.

ఆ వీడియో చెన్నై ఆయనకి పంపి ఫోన్ చేశాను. మొదట "మీ బకెట్లోనే కలిసుంటాయి సార్" అన్నాడు. మా ఇంట్లో రోటిఫర్లు ఎప్పుడూ పెట్టలేదని చెప్పాను. వచ్చిన నీళ్లలో అర లీటరు ఆయన సీసాలోనే విడిగా ఉంచాను, అందులోనూ ఇవే ఉన్నాయని చెప్పాను. కాసేపు మాట లేదు. తర్వాత అన్నాడు: "కొండ కింద కూర్చుని సముద్రం చేపలు ఎందుకు సార్ మీకు? పాడ్ అయితే ఏంటి, రోటిఫర్ అయితే ఏంటి, అన్నీ పురుగులే కదా."

ఆర్డర్ పెట్టకముందు ఇదే మనిషికి మాండరిన్ పిల్లల కోసమని రెండుసార్లు చెప్పాను. "వాటికి ఇదే కరెక్ట్ సార్, కళ్లు మూసుకుని తీసుకోండి" అన్నాడు. తెలిసే పంపాడు. డబ్బు కంటే నాకు అదే మింగుడుపడటం లేదు. ఆ మాట అని ఫోన్ పెట్టేసి నా నంబర్ బ్లాక్ చేశాడు.

తప్పు నాదీ ఉంది. అక్క వాళ్లిల్లు రెండు వీధుల అవతలే. మొదటి రోజే ఒక్క చుక్క మైక్రోస్కోప్ కింద పెట్టించి ఉంటే ఆ రెండు వందల పిల్లలు ఆకలితో పోయేవి కావు. పైగా ఆ బకెట్లలో వాడిన మగ్గే ఐసోక్రైసిస్ సీసాల్లో కూడా ముంచాను. ఇప్పుడు ఆ కల్చరూ పోయింది. రోటిఫర్లు గట్టి గుడ్లు కూడా పెడతాయి, అవి ఎండినా బతికే ఉంటాయి. అందుకే ఈ బ్లీచింగ్ అంతా.

కొనేవాళ్లు డబ్బు పంపేముందు మైక్రోస్కోప్ వీడియో అడగండి. వచ్చాక గాజు గ్లాసులో పోసి పక్కనుంచి టార్చి వేసి భూతద్దంతో చూడండి. నాప్లీ ఆగి ఆగి ఉలిక్కిపడినట్టు గంతులేస్తుంది, రోటిఫర్ ఆగకుండా నున్నగా జారుతున్నట్టు పోతుంది. చూసేదాకా వేరే గదిలో, వేరే మగ్గుతో ఉంచండి.

నిన్న సాయంత్రం ఆ జంట మళ్లీ గుడ్లు వదిలింది. ఏరలేదు, పెట్టడానికి మేత లేదు. తిరుపతి, చిత్తూరు, నెల్లూరు వైపు ఎవరి దగ్గరైనా అసలైన పార్వోకలానస్ ఉంటే చెప్పండి. మైక్రోస్కోప్ తీసుకుని నేనే వస్తాను.