బిల్లులో "ప్యాసివేషన్ చేశాం" అని రాస్తే నమ్మేయకండి: స్టీలు రెయిలింగులు పెట్టించేవాళ్లకు జాగ్రత్త

హనుమకొండ, కాజీపేట వైపు కొత్త ఇళ్లకు స్టీలు రెయిలింగులు, గేట్లు చేయించుకునేవాళ్లు ఇది చదవండి. కొటేషన్‌లో "304, పికిలింగ్, ప్యాసివేషన్ సహా" అని రాసి ఫీటుకు రేటు పెంచుతున్నారు. 304 అంటే తుప్పు పట్టని స్టీలులో ఒక రకం. పికిలింగ్ అంటే వెల్డింగ్ దగ్గర పాడైన పొరను యాసిడ్‌తో తీసేయడం. ప్యాసివేషన్ అంటే పైనున్న ఇనుప రేణువులను తీసి, తుప్పును ఆపే పొర మళ్లీ ఏర్పడేలా చేయడం. చేసేదేమో బాత్రూం యాసిడ్‌తో తుడిచి బఫింగ్ (మెషీన్‌తో మెరుగు) కొట్టడం. రెండు వానలు పడ్డాయో లేదో, వెల్డింగ్ అతుకుల చుట్టూ ఆవగింజంత గోధుమరంగు చుక్కలు, కింద గోడ మీద తుప్పు చార. షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ పని ఒక్కరిదే కాదు.

వెల్డింగ్ వేడికి అతుకు పక్కన పసుపు, నీలం రంగు పట్టీ వస్తుంది. దాని కింద పొరలో క్రోమియం తగ్గిపోయి ఉంటుంది. తుప్పును ఆపేదే క్రోమియం ఆక్సైడ్ పొర కాబట్టి ఆ పాడైన పొర పోవాల్సిందే. నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్లు కలిసిన పికిలింగ్ పేస్టు చేసేది అదే. బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్. దాని క్లోరైడు సందుల్లో మిగిలిపోయి స్టీలుకు సూదిమొనంత గుంటలు తొలుస్తుంది. బఫింగ్ మెరుపు కొన్నాళ్లు కప్పిపెడుతుంది, అంతే.

సరైన పని ఇట్లుంటది. ముందు నూనె, గ్రీజు కడగాలి. పేస్టును అతుకు మీద మందంగా పూసి, డబ్బా మీద రాసినంతసేపు, 304కు మామూలుగా అరగంట నుంచి గంట, ఉంచాలి. మన మే నెల ఎండలో కాలే పైపు మీద పూస్తే పేస్టు ఎండిపోయి మచ్చలు పడతాయి. నీడలో, పొద్దున్నే చేయించండి. ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్ది, ధారాళంగా కడగాలి. ఉప్పు బోరు నీళ్లయితే చివరి కడుగుడు మంచినీళ్లతో. ఆ తర్వాత ప్యాసివేషన్: 10 లీటర్ల నీళ్లకు కిలో సిట్రిక్ యాసిడ్, మామూలు వేడిలో కనీసం 20 నిమిషాలు. సిట్రిక్ ఒక్కటే పూస్తే వెల్డింగ్ రంగు పోదు, అది ఉపరితలం మీది ఇనుప రేణువులనే లాగుతుంది. మామూలు ఇనుము కోసిన గ్రైండింగ్ చక్రాన్నే, ఇనుప వైరు బ్రష్‌నే స్టీలుకు వాడితే ఆ రేణువులు మళ్లీ అంటుకుంటాయి.

బ్యాలెన్స్ ఇచ్చే ముందు అతుకుల మీద రంగు పట్టీ ఉందా చూడండి, రెయిలింగు అడుగువైపు ముఖ్యంగా. కనిపించే వైపు మాత్రమే మెరిపించి వదిలేయడం మామూలే. పరీక్ష కావాలంటే 250 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 4 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), 1 మిల్లీలీటరు సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపి అతుకును 6 నిమిషాలు తడిగా ఉంచండి. రాగి రంగు పట్టిందంటే ఇనుము మిగిలే ఉంది. తిండి తగిలే గిన్నెలకు, ట్యాంకులకు ఈ పరీక్ష వద్దు.

అయస్కాంతం అంటలేదని 304 అనుకోకండి, చవకైన 202 కూడా అంటదు. నికెల్ తక్కువ, మాంగనీస్ ఎక్కువ ఉన్న సరుకు అది. మాంగనీస్ ఎక్కువుంటే పట్టించే టెస్టింగ్ లిక్విడ్ చుక్క వేసి చూపించమనండి.

పేస్టు పూసేవాళ్లకు గ్లౌజులు, కళ్లద్దాలు, దగ్గర్లో కాల్షియం గ్లూకోనేట్ జెల్ (హైడ్రోఫ్లోరిక్ చర్మానికి తగిలితే రాసే మందు) లేకపోతే పని మొదలుపెట్టనివ్వకండి. హైడ్రోఫ్లోరిక్ ముందు మంట పుట్టకుండానే చర్మం లోపలికి దిగుతుంది. కడిగిన నీళ్లలోని యాసిడ్‌ను సున్నంతో విరగ్గొట్టాకే బయటికి వదలాలి, చెట్ల మొదట్లోకి కాదు.