"హాట్‌ప్లగ్ డీమన్ ఉంది" అన్నాడని ఆ బోర్డులు కొనకండి

ఒళ్ళు మండుతూ రాస్తున్నా, మాట తూలితే సర్దుకోండి. అమ్మినవాడెవడో ఇక్కడ చాలామందికి తెలుసు. "యూడెవ్ అక్కర్లేదు, తేలికపాటి డివైజ్ డీమన్, పూర్తి హాట్‌ప్లగ్" అని పేజీ నిండా రాసుకున్నాడే, వాడే. డీమన్ అంటే వెనకాల ఎప్పుడూ నడుస్తూ ఉండే ప్రోగ్రామ్. హాట్‌ప్లగ్ అంటే బోర్డు నడుస్తుండగానే కేబుల్ తీసినా పెట్టినా గుర్తించి సర్దుకోవడం. లినక్స్‌లో మామూలుగా ఆ పని చేసేది యూడెవ్. ఇరవై లినక్స్ బోర్డులు తెప్పించా. వాపసు గడువు మొన్ననే అయిపోయింది.

కొనేముందు వీడియో కాల్‌లో డెమో అడిగా. పెన్‌డ్రైవ్ గుచ్చాడు, దాని నోడ్ (డివైజ్ ఫైలు) /డెవ్/ఎస్‌డీఏ1 టక్కున వచ్చింది. నేను బుద్ధిగా తలూపా. ఎంబెడెడ్ లినక్స్ మీదే పొట్టపోసుకుంటున్నవాడిని, ఆ నోడ్ పుట్టించింది డీమన్ కాదు, లినక్స్ గుండెకాయ కెర్నల్లోనే ఉండి నోడ్లు పుట్టించే డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ అని తట్టొద్దూ? 2009లో, కెర్నల్ 2.6.32తో వచ్చిన సంగతి! డీమన్ లేకపోయినా నోడ్ వస్తుంది. మనం కోరిన పర్మిషన్లూ, మనం పెట్టుకున్న పేరుతో సిమ్‌లింకూ (మారుపేరు) రావు, అంతే.

సైట్లో యూఎస్‌బీ సీరియల్ కేబుల్ ఒకటి వదులై ఊడింది. మళ్ళీ పెట్టారు. మా ప్రోగ్రామ్ పాత పోర్టును ఇంకా పట్టుకునే ఉంది కాబట్టి ఆ కేబుల్ నోడ్ టీటీవైయూఎస్‌బీ0 కాస్తా టీటీవైయూఎస్‌బీ2గా తేలింది. పైగా ఓనర్ రూట్, మోడ్ 600, అంటే రూట్ తప్ప ఇంకెవరూ తెరవలేరు. మా ప్రోగ్రామ్ మామూలు యూజర్‌గా నడుస్తుంది. ఇంకేముంది, పర్మిషన్ డినైడ్.

అప్పుడు తెరిచా స్టార్టప్ స్క్రిప్టు. అందులో ఉన్న "డీమన్" ఏమిటో తెలుసా? ఎండెవ్ -ఎస్. బిజీబాక్స్ అనే చిన్న టూల్స్ మూటలో యూడెవ్‌కి బదులుగా వచ్చేదే ఎండెవ్. ఒక్క లైను. బూట్‌లో ఒకసారి, కెర్నల్ డివైజ్‌ల వివరాలుండే /సిస్ అంతా తిరిగి, నోడ్లు సర్ది, వెళ్ళిపోతుంది. దాని కింద ఇంకో ముద్దొచ్చే లైను: /ప్రాక్/సిస్/కెర్నల్/హాట్‌ప్లగ్ అనే ఫైలు ఉంటేనే అందులో ఎండెవ్ పేరు రాయి, లేకపోతే నోరెత్తకుండా ముందుకు పో. డివైజ్ వచ్చినా పోయినా కెర్నల్ పిలిచేది ఆ ఫైల్లో పేరున్న ప్రోగ్రామ్‌నే. ఆ ఫైలు ఎందుకుంటుంది, దాన్ని తెచ్చే యూఈవెంట్ హెల్పర్ ఆప్షనే కెర్నల్లో ఆపేసి బిల్డ్ చేస్తే! ఎండెవ్ సెట్టింగుల ఫైలు ఎండెవ్.కాన్ఫ్ మాత్రం ఎంత ముచ్చటగా రాశాడో, ప్రతి డివైజ్‌కీ గ్రూపు, మోడు, అలియాసు. బూటయ్యాక దాన్ని చదివే నాథుడు లేడు.

సపోర్ట్‌కి ఫోన్ చేశా. ఆ కుర్రాడు నవ్వాడండీ. నిజంగా నవ్వాడు. "సార్, బోర్డు నడుస్తుండగా కేబుల్ తీసి పెట్టమని ఎవరు చెప్పారు? ముందే పెట్టి బూట్ చేసుకోండి, అన్నీ వస్తాయి." మరి హాట్‌ప్లగ్ అని రాశారేమిటయ్యా అంటే, "పెన్‌డ్రైవ్ వచ్చింది కదా సార్, మీరే చూశారు కదా." నా కళ్ళతో నన్నే కొట్టాడు. కెర్నల్ సోర్సైనా ఇవ్వు, నేనే బిల్డ్ చేసుకుంటా అన్నా. అది వేరే ప్యాకేజీ అట, విడిగా కొనాలట! సోర్స్ ఇచ్చి తీరాలనే జీపీఎల్ లైసెన్స్ ఉన్న సాఫ్ట్‌వేర్‌కి!

నా తప్పూ ఉంది. టెస్ట్ చేసిన వారమంతా కేబుళ్ళు ముందే పెట్టి పవర్ ఇచ్చా. తీసి పెట్టి చూసింది ఒక్కసారీ లేదు.

ఇప్పుడు ఎండెవ్‌డీ అనే అసలైన డీమన్‌ను ఈ బోర్డు కోసం క్రాస్ కంపైల్ చేసి పెట్టుకుంటున్నా. అది కెర్నల్ పంపే కబుర్లను నేరుగా నెట్‌లింక్ మీద వింటుంది, ఆ హెల్పర్ ఫైలుతో పనిలేదు, ఉన్న కాన్ఫ్‌నే చదువుతుంది. బిజీబాక్స్ 1.31 నుంచి ఎండెవ్‌కే డీమన్‌గా నడిచే -డి ఆప్షన్ ఉంది గానీ వీడిచ్చింది 1.24.

ఆఁ, కొనేవాళ్ళు డెమోలో పెన్‌డ్రైవ్ చూసి మురిసిపోకండి. నడుస్తున్న ప్రోగ్రామ్‌లు చూపే పీఎస్ కమాండ్ కొట్టించి డీమన్ నడుస్తోందో లేదో చూడండి. కేబుల్ పీకించి, మళ్ళీ పెట్టించి, ఎల్ఎస్ -ఎల్ కొట్టి నోడ్ ఓనరూ మోడూ చూపించమనండి. కాల్ కట్ చేస్తే అర్థం చేసుకోండి.