అమ్మ మోకాళ్ల ఆపరేషన్‌కి ముందు కాక్రేన్ లైబ్రరీ చూసినా (5కి 4 స్టార్లు)

మా అమ్మ అలిపిరి నుంచి 3550 మెట్లూ గోవింద కొట్టుకుంటా ఎక్కే మనిషి, పోయినేడు మోకాళ్ల పర్వతం దగ్గరే కూలబడిపోయింది. తిరుపతిలోనే ఒక హాస్పిటల్లో చూపిస్తే ఎక్స్‌రే తీసి, గుజ్జు అరిగిపోయిందమ్మా, చిన్న బొక్క పెట్టి కెమెరా దూర్చి లోపలంతా క్లీన్ చేసేస్తాం అని చెప్పి అడ్వాన్స్ స్లిప్ కూడా చేతిలో పెట్టేసినారు. ఫిజియో చదివే మా చిన్నాన్న కూతురు మాత్రం "ఆగన్నా, ముందు కాక్రేన్‌లో చూడు" అనింది.

1993లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన సంస్థ అది. ఒక వైద్యం మీద జరిగిన ట్రయల్స్, అంటే మనుషుల మీద చేసి చూసిన పరీక్షలు, అన్నీ వెతికి, చేటలో పోసి చెరిగినట్టు తాలు ఏదో గింజ ఏదో తేల్చి రివ్యూ రాసి, కాక్రేన్ లైబ్రరీ అనే వెబ్‌సైట్లో పెడతారు. మన దేశంలో ఫ్రీగా చదవడానికి వైద్య పరిశోధన చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ 2007లోనే ఏర్పాటు చేసిందంట, నాకైతే ఇన్నేళ్లూ పేరే తెలీదు. డాక్టర్లకి రాసిన పెద్ద భాగం జోలికి పోవద్దు, మామూలు జనానికి రాసిన సమ్మరీ చాలు.

అరిగిన మోకాళ్లకి ఈ కెమెరా ఆపరేషన్ మీద 2022లో రివ్యూ వచ్చింది, 16 ట్రయల్స్, 2105 మంది. నాలుగు ట్రయల్స్‌లో కొందరికి నిజం ఆపరేషన్, కొందరికి ఉత్తుత్తి ఆపరేషన్ చేసినారు, ఎవరికి ఏది చేసినారో పేషెంట్లకి చెప్పలేదు. మూణ్ణెల్ల తర్వాత నొప్పి చూస్తే నూటికి నాలుగైదు పాయింట్ల తేడా, అంతే, చెప్పుకోదగ్గ లాభమే లేదంట. ఇది చదివి చెప్తే మా అమ్మ "ఊరికే కోసి కుట్టేసినారా పాపం" అని వాళ్ల కోసం బాధపడింది గానీ అసలు విషయం పట్టించుకోలేదు.

ఆ పేజీ ప్రింట్ తీసుకుని ఇంకో డాక్టర్ దగ్గరికి పోయినాం. ఆయన చదివి, మోకాలు వంచి చాపేటప్పుడు మధ్యలో ఇరుక్కుపోతా ఉందా అని అమ్మని అడిగి, లేదు అనేసరికి, సరే ముందు మూడు నెలలు ఎక్సర్‌సైజ్ చేయండి అన్నాడు. ఇప్పుడు సాయంత్రం టీవీలో కొండ మీది సేవ చూస్తా, మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టుకుని నొక్కుతా ఉంటుంది. కొంచెం మేలే, మెట్లెక్కేంత కాదు. ఎక్సర్‌సైజ్ మీద కూడా రివ్యూ ఉంది, 2015లో గట్టిగానే మెచ్చుకున్నారు, 2024లో కొత్త ట్రయల్స్ కలిపి చూసి మేలు ఉంది గానీ అది మనిషికి తెలిసేంతదా అంటే చెప్పలేం అని మెట్టు దిగినారు. ముందు రాసిన మాటని వాళ్లే సవరించుకున్నారు చూడండి, నాకు నచ్చింది ఇదే.

ఒక స్టార్ ఎందుకు కోసినానంటే, తెలుగు సమ్మరీ నాకు దొరకలేదు. ఫోన్లో ట్రాన్స్‌లేట్ కొడితే ట్రయల్స్‌ని "విచారణలు" అని పెట్టింది, అమ్మ అద్దాలు సర్దుకుని "ఏ కోర్టులో నాయనా?" అనింది.