అమెరికా సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి ఈ లాయర్ని మాత్రం పెట్టుకోకండి

పేరు రాయను. ప్రతి పండక్కీ మన వాట్సాప్ గ్రూపుల్లో కోటు వేసుకుని శుభాకాంక్షలు చెప్పే తెలుగు లాయరు గారే, అర్థమైపోయి ఉంటుంది.

ఎప్పుడో సెల్ఫ్ చెకౌట్‌లో ఒక వస్తువు స్కాన్ అవలేదని స్టోర్ వాళ్లు పోలీసుల్ని పిలిచారు, వేలిముద్రలు తీసుకున్నారు, తర్వాత కోర్టు కేసు కొట్టేసింది. కొట్టేసినా సరే సిటిజన్‌షిప్ దరఖాస్తు ఎన్-400లో అరెస్టు చెప్పి తీరాలి, చెప్పాను. ఆ ఒక్క ప్రశ్న గురించిన టెన్షన్‌తోనే లాయర్ని పెట్టుకుని అడిగినంతా ముందే కట్టాను. "జీ-28 (మీ తరఫు లాయరు మేమేనని చెప్పే ఫారం) మేం వేస్తాం, మీరు నోటీసు, గ్రీన్‌కార్డు, పాస్‌పోర్టు తెస్తే చాలు" అని ఆయన ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది.

సివిక్స్, ఇంగ్లీషు అన్నీ బాగానే అయ్యాయి. అరెస్టు దగ్గరికి రాగానే ఆఫీసర్ "కోర్టు సర్టిఫైడ్ డిస్పోజిషన్ ఏది?" అంది, అంటే కేసు ఎలా ముగిసిందో కోర్టు ముద్రతో ఇచ్చే కాగితం. అప్పటిదాకా కుర్చీకి అలంకారంగా కూర్చున్న మహానుభావుడు అప్పుడు నోరు విప్పి, "తెమ్మని ముందే చెప్పాను, మా క్లయింటే మర్చిపోయారు" అన్నాడు, నా మొహం చూడకుండా! నడవడిక మంచిదా కాదా అని తేల్చే గదిలో కూర్చుని, నా లాయరే అబద్ధం చెబుతున్నాడని నేనెలా అనాలి? చెయ్యెత్తి ప్రమాణం చేసింది నేను, అబద్ధమాడింది ఆయన. ఆఫీసర్ నా వైపు చూసిన చూపు ఇంకా ఒళ్లు మండిస్తోంది. నిర్ణయం వాయిదా, ఫలానా కాగితాలు పంపమని చేతిలో ఒక షీటు.

పార్కింగ్‌లో ఆ మెయిల్ తీసి చూపిస్తే, "అది పారాలీగల్ పంపింది, నాది కాదు. డినై చేయలేదుగా, సంతోషించండి" అన్నాడు. పైగా ఆ కాగితాలు పంపడానికి వేరే ఫీజట!

ఎలాంటి అరెస్టు ఉన్నా డిస్పోజిషన్ మీరే కోర్టు క్లర్కు దగ్గర ముద్రతో తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. ఇంటర్వ్యూలో జవాబులు మీరే చెప్పాలి, లాయరు చెప్పడు. తప్పు ఒప్పుకుని డైవర్షన్ (షరతులు పూర్తిచేస్తే కేసు కొట్టేసే ఏర్పాటు) తీసుకున్నవాళ్లయితే ఇంకా జాగ్రత్త, కోర్టు కేసు కొట్టేసినా ఇమిగ్రేషన్ వాళ్లు దాన్ని కన్విక్షన్‌గా, అంటే నేరం రుజువైనట్టుగా లెక్కేయొచ్చు. డబ్బు కట్టేముందు ఈ సంగతి లాయర్ని అడగండి, నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. నేనైతే ఆ మెయిల్ జతచేసి లాయర్ల మీద ఫిర్యాదులు తీసుకునే స్టేట్ బార్‌కి కంప్లయింట్ రాస్తున్నా.