బెర్లిన్ గోడ: ఏది చూడాలి, ఎక్కడ దిగాలి

బెర్లిన్ గోడను చూడడానికి వెళ్లినవారిలో చాలామంది రంగులు వేసిన కాంక్రీటు పలకల ముందు ఫోటో దిగి తిరిగివస్తారు. ప్రాణాలు తీసింది ఆ పలకలు కావు, వాటి వెనుక చదును చేసి ఉంచిన ఖాళీ నేల. కమ్యూనిస్టు తూర్పు జర్మనీ ప్రభుత్వం తన జనం పశ్చిమ బెర్లిన్‌కు పారిపోకుండా వేసిన అడ్డు ఇది. 1961 ఆగస్టు 13 తెల్లవారుజామున ముళ్లకంచెగా మొదలై, 1989 నవంబరు 9 రాత్రి తెరుచుకునే వరకు ఆ సరిహద్దు పశ్చిమ బెర్లిన్‌ను చుట్టుముట్టి దాదాపు 155 కిలోమీటర్ల మేర సాగింది. అక్కడ కనీసం 140 మంది చనిపోయారని పరిశోధకులు ఒక్కొక్క మరణాన్నీ విడిగా పరిశీలించి తేల్చారు. అందుకే నేను తిరిగిన చోట్లను ఒకే కొలతతో తూచాను: ఆ నేల ఎలా పనిచేసేదో చూసేవారికి బోధపడుతున్నదా, లేదా?

ఆ కొలతకు పూర్తిగా నిలిచింది బెర్నౌవర్ స్ట్రాసె స్మారక ప్రాంగణం. ఈ వీధిలో ఒక వరుస ఇళ్లు తూర్పు బెర్లిన్‌కు చెందితే, వాటి గుమ్మం ముందున్న ఫుట్‌పాత్ పశ్చిమ బెర్లిన్‌కు చెందేది. గుమ్మాలు మూసేశాక జనం కిటికీల నుంచి దూకారు. 48వ నంబరు ఇంట్లో ఉండే ఇదా జీక్‌మన్ 1961 ఆగస్టు 22న పరుపులు, సామాన్లు ముందుగా కిందికి విసిరి, తానూ దూకి, ఆ దెబ్బలతోనే కన్నుమూశారు. మర్నాటికి ఆమెకు 59 ఏళ్లు నిండేవి. గోడ దగ్గర నమోదైన తొలి మరణం అదే. తరువాత కిటికీలను ఇటుకలతో పూడ్చారు, నివాసులను ఖాళీ చేయించారు, చివరకు ఇళ్లనే కూల్చేశారు. ఇప్పుడు గోడ లేని చోట దాని దారి పొడవునా తుప్పు రంగు ఇనుప కడ్డీలను నిలువునా నాటారు. వాటి మధ్య నుంచి మనం అటూ ఇటూ సులువుగా నడిచిపోతుంటాం. ఆ సులువే మనిషిని ఇబ్బంది పెడుతుంది.

వీధికి అటుపక్కనున్న ప్రదర్శనశాల మేడ ఎక్కితే గాని అసలు సంగతి అర్థం కాదు. పైనుంచి చూస్తే లోపలి గోడ, కావలి బురుజు, గస్తీ బాట, దీపస్తంభాలు, చదునైన నేల, ఆ తరువాతే మనమందరం ఫోటోల్లో చూసిన బయటి గోడ వరుసగా కనిపిస్తాయి. తూర్పు నుంచి పారిపోయేవాడికి ఆ ప్రసిద్ధమైన గోడ చివరి అడ్డంకి మాత్రమే. నేల మీది ఇసుకను అడుగుజాడలు పడితే తెలిసేలా చదును చేసి ఉంచేవారు. బయటి పలక ఒక్కొక్కటి 3.6 మీటర్ల ఎత్తు, 1.2 మీటర్ల వెడల్పు. దాని నెత్తిన గుండ్రటి గొట్టం తొడిగారు. ఆ గొట్టాన్ని కింద నిలబడి కాసేపు చూడండి. అలంకారంలా కనిపిస్తుంది గాని, పైకి ఎగబాకిన చేతికి పట్టు దొరకకూడదన్నదే దాని పని. ఇంత ఆలోచించి చేసిన పనితనాన్ని చూసి ఒళ్లు జలదరించింది.

అదే నేల మధ్యలో చిక్కుకుపోయిన చర్చిని 1985 జనవరిలో పేల్చేశారు. ఆ స్థలంలో 2000లో కట్టిన చిన్న ప్రార్థనామందిరం మన పాత పల్లెటూరి ఇళ్లలా దిమ్మిస వేసిన మట్టిగోడతో ఉంటుంది. పాత చర్చి ఇటుకల ముక్కలను ఆ మట్టిలోనే కలిపారు. ప్రవేశానికి ఎక్కడా రుసుము లేదు. ప్రదర్శనశాలకు సోమవారం సెలవు కాబట్టి ఆ రోజు మాత్రం పెట్టుకోకండి. పక్కనే ఉన్న నోర్డ్‌బాన్‌హోఫ్ స్టేషన్‌ను కూడా రైలు ఎక్కే తొందరలో దాటిపోవద్దు. పశ్చిమ రైళ్లు తూర్పు నేల కింద ఆగకుండా వెళ్లిపోయిన ఆ సంవత్సరాల్లో మసక వెలుతురులో, సాయుధ కాపలాలో ఉండిపోయిన స్టేషన్లలో అదొకటి. దాని కథంతా లోపలి గోడల మీదే చదువుకోవచ్చు.

ఈస్ట్ సైడ్ గ్యాలరీ దగ్గర నాకు కొంత అసంతృప్తి మిగిలింది. 1.3 కిలోమీటర్ల పొడవున 1990లో 118 మంది కళాకారులు వేసిన బొమ్మలు చూడదగ్గవే, జనం కిటకిటలాడేదీ అక్కడే. అయితే అది సరిహద్దు లోపలి గోడ అనీ, అసలు సరిహద్దు వెనుకనున్న స్ప్రే నది అవతలి ఒడ్డున ఉండేదనీ అక్కడ ఫోటోలు దిగేవారిలో ఎంతమంది గమనిస్తారో సందేహమే. ఆ భాగంలో నది మొత్తం వెడల్పు తూర్పు బెర్లిన్‌దే. పశ్చిమ ఒడ్డున ఆడుకుంటూ నీళ్లలో పడిన పిల్లలను కాపాడడానికి పశ్చిమ బెర్లిన్ రక్షణ సిబ్బంది దిగడానికి వీల్లేకపోయింది. 1966 నుంచి 1975 వరకు అలా ఐదుగురు పిల్లలు మునిగిపోయారు. చివరివాడు చెతిన్ మెర్ట్ అనే టర్కీ కుటుంబపు బాలుడు. తన ఐదవ పుట్టినరోజున చనిపోయాడు. ఆ తరువాతే, 1975 అక్టోబరులో, ఇటువంటి ప్రమాదాల్లో సాయం చేయడానికి ఇరుపక్షాలూ ఒప్పందం రాసుకున్నాయి. ఓబర్‌బౌమ్ వంతెన దాటి అవతలి ఒడ్డుకు వెళ్లి, అక్కడి నుంచి ఆ గోడను చూడమని నా సలహా. బొమ్మలు కనిపించవు గాని నది కనిపిస్తుంది.

తూర్పు, పశ్చిమాల మధ్య అప్పట్లో సరిహద్దు దాటే తనిఖీ కేంద్రమైన చెక్‌పాయింట్ చార్లీకి మార్కులు వేయలేను. రోడ్డు మధ్యనున్న కాపలా గది నమూనా మాత్రమే. చుట్టూ జ్ఞాపికల దుకాణాలు, తినుబండారాల అంగళ్లు. మన ప్యాకేజీ టూర్ల బస్సులు ఇక్కడ ఆగి, గోడ చూపించేశామని లెక్క రాసుకుంటాయి. అక్కడికి నడక దూరంలోనే, త్సిమ్మర్ స్ట్రాసెలో, 18 ఏళ్ల పీటర్ ఫెష్టర్ 1962 ఆగస్టు 17న తూటా తగిలి, ఇరువైపులా జనం చూస్తుండగా దాదాపు గంటసేపు రక్తం కారి చనిపోయాడు. ఆ చోట ఒక స్మారక స్తంభం ఉంది. వెళ్లేది ఉంటే దాని కోసం వెళ్లాలి. దగ్గరలోని టోపోగ్రఫీ ఆఫ్ టెర్రర్ (నాజీల దురాగతాలను చూపే ప్రదర్శనశాల) వద్ద రంగులు లేని, తూట్లు పడి ఇనుప చువ్వలు బయటపడిన గోడ సుమారు 200 మీటర్లు మిగిలింది. రుసుము లేదు, రద్దీ తక్కువ.

బస విషయంలో నేను రెండు ప్రాంతాలను పోల్చుకున్నాను. ఈస్ట్ సైడ్ గ్యాలరీ దగ్గరి హాస్టల్ శుభ్రంగానే ఉంది గాని వార్షావర్ స్ట్రాసె వైపు రాత్రి సందడి తెల్లవారే దాకా తగ్గదు. నిద్ర ముఖ్యమనుకునేవారికి, పెద్దవాళ్లను వెంట తెచ్చేవారికి అది తగదు. గెజుంట్‌బ్రునెన్ స్టేషన్ పరిసరాల్లో తీసుకున్న గది చిన్నది, ఫ్రిజ్ లేదు, అల్పాహారంలో శాకాహారికి రొట్టె, చీజ్, పండ్లే గతి. అయినా నేను మళ్లీ వెళితే అక్కడే దిగుతాను. బెర్నౌవర్ స్ట్రాసె నడిచి వెళ్లేంత దగ్గర, టర్కీ కూరగాయల దుకాణాలు వీధివీధికీ ఉన్నాయి, రైలు, మెట్రో రెండూ దొరుకుతాయి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కనుక పెరుగు, పాలు వంటివి శనివారమే కొని పెట్టుకోవాలి.

రవాణాకు నగరమంతా ఒకే టికెట్టు చెల్లుతుంది: మెట్రో, లోకల్ రైలు, ట్రామ్, బస్సు అన్నింటికీ. ఛార్జీల కోసం ప్రాంతాన్ని ఏ, బీ, సీ జోన్లుగా విభజించారు. నేను చెప్పిన గోడ ప్రదేశాలకు ఏబీ జోన్ల టికెట్టు చాలు. విమానాశ్రయం మాత్రం సీ జోన్‌లో ఉంది. యంత్రంలో కొన్న కాగితపు టికెట్టుపై ఎక్కే ముందే ముద్ర వేయించుకోవాలి. గేట్లు లేవు కదా అని ఊరుకుంటే, మామూలు దుస్తుల్లో వచ్చే తనిఖీ సిబ్బందికి 60 యూరోలు చెల్లించాల్సి వస్తుంది, కొత్తవాళ్లమన్న మాట వారు వినరు.

గోడ దారి వెంబడి సుమారు 160 కిలోమీటర్ల సైకిల్ బాట ఉంది. అంతా తొక్కనక్కరలేదు. మెయిన్ స్టేషన్ నుంచి కాలువ పక్కగా ఉత్తరానికి వెళ్లే ముక్క ఒక్కటి చాలు. స్టేషన్ పక్కనే ఉన్న హుంబోల్ట్ రేవులో 24 ఏళ్ల గుంటర్ లిట్‌ఫిన్ అనే దర్జీని 1961 ఆగస్టు 24న ఈదుకుంటూ వెళుతుండగా కాల్చి చంపారు. గోడ వద్ద తూటాకు బలైన మొదటి మనిషి ఆయనే. కొంత దూరం పోయాక కీలర్ స్ట్రాసెలో కొత్త అపార్టుమెంట్ల నడుమ ఒక కావలి బురుజు కనిపిస్తుంది. దాన్ని కూల్చకుండా కాపాడి, అన్న పేరిట స్మారకంగా మార్చినవాడు లిట్‌ఫిన్ తమ్ముడు. లోపలికి అనుమతించే రోజులు తక్కువ కాబట్టి బయలుదేరే ముందే చూసుకోవడం మంచిది.