మే నెల తిరుపతికి ఏం కట్టుకెళ్లాలి?

తిరుపతి ప్రయాణమంటే గదులు, దర్శనం టిక్కెట్లు అందరూ ముందే చూసుకుంటారు. బట్టలు మాత్రం బయలుదేరే ముందురోజు రాత్రి బీరువాలో చేతికందినవి సర్దేస్తారు. మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పైగా 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి, ఆర్జిత సేవలకు సంప్రదాయ దుస్తులు తప్పనిసరి. మగవారు పంచె, ఉత్తరీయం లేదా కుర్తా పైజామా వేసుకోవాలి. ఆడవారికి చీర, లంగా ఓణీ, లేదంటే చున్నీతో పంజాబీ డ్రెస్సు.

"ఇంత ఎండలో నిండుగా కట్టుకుని ముస్తాబు కూడానా అక్కా?" అని మా చెల్లెలు దిగులుపడింది. నా మాట ఒక్కటే: పలుచని నూలు బట్ట నిండుగా కట్టుకుంటేనే ఒంటికి హాయి, చూపుకి అందం.

అమ్మ కట్టుకున్న వెంకటగిరి నూలు చీరే ఇందుకు సాక్ష్యం. లేత చిలకాకుపచ్చ, వేలెడంత జరీ అంచు. 100 కౌంటు సన్న నూలు కాబట్టి గాలి ఆడుతుంది, చెమట ఇట్టే ఆరిపోతుంది. కొత్త చీరలో గంజి బిగువు ఉంటుంది, ఒకసారి జాడించి కట్టుకోవాలి. పైటను మడతలు పెట్టకుండా ఒంటిపొరగా వదిలి, భుజం దగ్గర ఒక్క పిన్నీసు పెట్టింది. చేయంతా కప్పింది, ఉక్కపోయలేదు. లోలంగా కూడా నూలుదే ఉండాలి. శాటిన్‌దైతే పైన ఎంత మంచి చీర కట్టినా లోపల ఉడికిపోతారు. దర్శనం కోసం వేచి ఉండే క్యూ కంపార్టుమెంటులో మా పక్కన కూర్చున్న పెద్దావిడ బరువైన పట్టుచీరలో కొంగుతో విసురుకుంటూనే ఉన్నారు, చూస్తుంటే మనసు చివుక్కుమంది.

చెల్లెలి కోసం శ్రీకాళహస్తి వెళ్లి కలంకారీ చున్నీ కొన్నాం. అక్కడ బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. బెల్లం, ఇనుప ముక్కలు నానబెట్టి తీసిన నల్లరంగుతో, వెదురు కలంతో గీతలు గీస్తారు. ముద్రించిన బట్టలనూ అదే పేరుతో అమ్ముతుంటారు కాబట్టి జాగ్రత్తగా చూడాలి. చేత్తో వేసినదైతే గీత ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా సాగుతుంది. ఏ రెండు పువ్వులూ అచ్చంగా ఒకేలా ఉండవు. తెల్లని కుర్తా మీద ఆ చున్నీ ఒక్కటి చాలు, వేరే నగ అక్కర్లేదు. ఎండలో తలమీదికి, కొండపైన సాయంత్రం చలిగాలికి భుజాలమీదికి అదే పనికొచ్చింది.

మావారికి జరీ పంచె వద్దని సాదా నూలు పంచె తీసుకున్నాం. నడుముకి బెల్టు పెట్టుకుంటే జారుతుందన్న బెంగ ఉండదు.

బస విషయంలో, ఎండలో నడక తగ్గాలంటే దేవస్థానం వారి సముదాయాలే మేలు. శ్రీనివాసం బస్టాండు ఎదురుగా, విష్ణు నివాసం రైల్వే స్టేషను ఎదురుగా ఉంటాయి. గదులు దొరక్క మేము దిగిన ప్రైవేటు హోటల్లో ఏసీ బాగానే పనిచేసింది. కానీ తడి బట్టలు ఆరేసుకోవడానికి తాడైనా లేదు, ఇస్త్రీకి ఇచ్చినవి రాత్రి దాకా తెచ్చివ్వలేదు. ఎక్కువ డబ్బు తీసుకుని యాత్రికులకు ఆమాత్రం చూడకపోవడం అన్యాయం.

అలిపిరి దగ్గర సేవ మాత్రం నిజంగా మెచ్చుకోదగ్గది. సామాను అక్కడ అప్పగిస్తే ఉచితంగా పైకి చేరుస్తారు. అందుకని వదులు కుర్తాలతో 3,550 మెట్లూ ఎక్కి, పైన స్నానం చేసి దర్శనం బట్టలు మార్చుకున్నాం. దారిలో చాలాభాగం పైకప్పు ఉంది, అయినా తెల్లవారుజామునే మొదలుపెట్టడం మంచిది. మాడవీధుల్లో చెప్పులు వేసుకోకూడదు, మిట్టమధ్యాహ్నం నేల కాలిపోతుంది. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే పొద్దు వాలాకే అటు తీసుకెళ్లండి.

ఫొటోల సరదా ఉన్నవారు చంద్రగిరి కోటకు ఒక పూట కేటాయించుకోవచ్చు. రాజమహల్ గోడల ముందు ముదురు ఎరుపు, పసుపు చీరలు ఎంత బాగా పడతాయో!