పాత వైజాగ్ ఫోటోల సెట్, మా అమ్మమ్మతో కలిసి చూశాక రాస్తున్న రివ్యూ

ఈ సెట్ వచ్చి మూడు వారాలైంది, మా అమ్మమ్మ అన్ని ఫోటోలూ చూసేదాకా రివ్యూ రాయకూడదని ఆగాను. ఆవిడకి 84 ఏళ్లు, పుట్టింది పెరిగింది అంతా వన్‌టౌన్‌లోనే, బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దగ్గర. మా ఇంట్లో రెండు పాత ఆల్బమ్‌లుండేవి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌ తుఫాను వచ్చినప్పుడు కిటికీ ఊడిపోయి బీరువాలోకి నీళ్లెళ్లి ఫోటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి, విడదీస్తుంటే మొహాలు ఊడొచ్చేశాయి. అందుకే ఊరి పాత ఫోటోలు అని కనబడగానే ఇంకేం ఆలోచించకుండా ఆర్డర్ పెట్టేశాను.

మొత్తం 20 ప్రింట్లు. కాగితం మందంగా ఉంది, మ్యాట్ ఫినిష్, ట్యూబ్‌లైట్ కింద పెట్టినా మెరవట్లేదు. రంగులు పులమకుండా నలుపు తెలుపులోనే ఉంచారు, పాత గీతలు, మరకలు కూడా కొన్ని అలాగే వదిలేశారు, నాకైతే అదే నచ్చింది. ఒక ప్రింటు మూల మడతపడి వచ్చింది, రెండుసార్లు ఫోన్ చేస్తే మార్చి పంపారు.

బిల్డింగుల ఫోటోలు మాత్రం అదిరిపోయాయి. బొబ్బిలి రాజా గారు కట్టించిన టౌన్‌హాల్, బీచ్ రోడ్డులో జయపురం మహారాజు హవామహల్, విక్టోరియా రాణి విగ్రహం, అన్నీ ఉన్నాయి. నాకు బాగా నచ్చింది హార్బర్ వైపు నుంచి తీసింది, వేంకటేశ్వరస్వామి కొండ, దర్గా కొండ, రాస్ హిల్ చర్చి మూడూ వరసగా ఒకే ఫ్రేములో కనిపిస్తాయి, ఇది ఫ్రేము కట్టించి హాల్లో పెట్టేశాను. 1933లో పోర్టు తెరవకముందు ఆ చోటెలా ఉండేదో చూపించే ఫోటో ఇంకోటుంది, ఎక్కడ చూసినా బురదా ఉప్పునీళ్లే, ఇప్పుడక్కడ క్రేన్లు చూసేవాళ్లు నమ్మలేరు.

షిప్‌యార్డ్ ఫోటో దగ్గర అమ్మమ్మ చాలాసేపు ఆగిపోయింది. 1948 మార్చి 14న నెహ్రూ గారొచ్చి జలఉష ఓడని నీళ్లలోకి దింపిన రోజుది. "మా నాన్న అన్నయ్యని తీసుకెళ్లాడు, ఆడగుంటవి ఆ జనంలో నీకేటని నన్నొదిలేశాడు" అంది, 77 ఏళ్లయినా ఆ కోపం తగ్గలేదు, భూతద్దం పెట్టి ఆ గుంపులో వాళ్లిద్దరి కోసం ఒక్కో తలా వెతికింది. దొరకలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్లు బాంబులేసినప్పుడు ఆవిడకి ఏడాది, వాళ్లమ్మ చంకనేసుకుని ఎడ్లబండెక్కి అనకాపల్లి వెళ్లిపోయిందట, ఆ కథ కూడా అప్పుడే చెప్పింది, నేనిన్నేళ్లలో ఎప్పుడూ వినలేదు.

ఇప్పుడు తప్పులు చెప్తాను, ఎందుకంటే ఇవి సరిచేయాల్సినవి. కింగ్ జార్జ్ హాస్పిటల్ ఫోటో కింద 1910 అని వేశారు, కేజీహెచ్ మొదలైందే 1923లో, ఆంధ్రా మెడికల్ కాలేజీ కూడా అదే ఏడాది. రెండోది ఇంకా పెద్ద తప్పు, నేనైతే కనిపెట్టేవాణ్ణి కాదు. బీచ్ మీంచి తీసిన డాల్ఫిన్స్ నోస్ ఫోటో పట్టుకుని అమ్మమ్మ అటూ ఇటూ తిప్పి "ఏటిరా ఇది, కొండ అటుది ఇటైపోయింది" అంది. ఇసకలో నిలబడి కొండ వైపు చూస్తే సముద్రం మనకి ఎడమ పక్కనుండాలి, కొండ ముక్కు కూడా అటే ఉండాలి, ఇందులో రెండూ కుడి పక్కకెళ్లిపోయాయి. అద్దంలో చూపిస్తే సరిగ్గా కనబడింది, అంటే నెగటివ్ తిరగేసి ప్రింట్ చేశారు.

వీటికంటే నాకు బాధేసింది మనుషుల ఫోటోల దగ్గర. 20లో నాలుగే ఉన్నాయి. బిల్డింగు ఫోటోల కింద ఏ రాజా గారు కట్టించారో మూడేసి లైన్లు రాశారు, తెల్లారగట్ల ఒడ్డున పెద్దవల లాగుతున్న పద్నాలుగు మందికి మాత్రం ఒకటే మాట, "మత్స్యకారులు". ఏ పేట, ఏ ఏడాది, ఎవరు తీశారు, ఏమీ లేదు. ఆ తాడు పట్టుకున్న చివరి కుర్రాడికి పన్నెండేళ్లుంటాయేమో, వాడు కెమెరా వైపే చూస్తున్నాడు. పెదజాలారిపేటలో పెద్దవాళ్లకి ఒక్కసారి చూపించినా ఎవరో ఒకరు గుర్తుపట్టి ఉండేవాళ్లు, ఇప్పటికైనా చూపించండి, ఇంకో పదేళ్లాగితే అడగడానికి వాళ్లుండరు. ఇదే విషయం అమ్మినవాళ్లకి మెయిల్ కూడా రాశాను, తర్వాతి ప్రింటింగ్‌లో మారుస్తామన్నారు.

నాలుగు స్టార్లిస్తున్నాను, కొనండి, కానీ ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల పక్కన కూర్చుని చూడండి. మా ఇంట్లో అమ్మమ్మ పెన్సిల్ తీసుకుని ప్రింట్ల వెనకాల రాయడం మొదలుపెట్టింది. కురుపాం మార్కెట్ గేటు ఫోటో వెనక గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: "ఈ గేటులోంచి ఎళ్తే కుడి పక్క రెండో కొట్టు, నా పెళ్లికి పసుపూ కుంకం అక్కడే కొన్నారు."